వేలితో తిప్పే ట్రాక్టర్లు

మా రోజుల్లో ట్రాక్టర్ తోలాలంటే భుజం ఉండాలి. ఇప్పుడు చూపుడువేలుంటే చాలంట. మొన్న బండి కొందామని షోరూముకి వెళ్తే మా మనవడు ధర కూడా అడక్కుండా "పవర్ స్టీరింగేనా?" అన్నాడు. మామూలు స్టీరింగు బండి ఇంటికొస్తే పరువు పోయేటట్టుంది వాడి వాలకం.

మేం మాస్సీ ఫెర్గూసన్ 1035 తోలినోళ్లం. దాని స్టీరింగుకి పంపూ లేదు, గొట్టాలూ లేవు. పెట్టెలో పళ్లచక్రాలు, కింద రాడ్లు, మిగతాదంతా మన రెక్కల కష్టం. సార్వా దమ్ముల్లో నీళ్లకింద కనపడని గుంటలో ముందు చక్రం పడిందంటే స్టీరింగు గిర్రున వెనక్కి తిరిగి కొట్టేది. అందుకే మాకు నేర్పినాయన మొదటిరోజు చెప్పింది ఒక్కటే: "ఒరేయ్, బొటనవేలు ఊచల మధ్యలో పెట్టావో, విరుగుద్ది." గేర్లూ క్లచ్చీ ఆ తరవాతే.

మడి చివర తిప్పడం ఇంకో విద్య. ట్రాక్టరుకి బ్రేకు పెడళ్లు రెండెందుకో ఇప్పటి కుర్రాళ్లని అడగండి, నీళ్లు నములుతారు. ఎడమది తొక్కితే ఎడమ చక్రం ఆగుద్ది, బండి ఆ పక్కకే తిరుగుద్ది. స్టీరింగు ఊరికే దారి చూపిస్తే చాలు. రోడ్డెక్కేటప్పుడు ఆ రెండిటికీ గొళ్లెం పెట్టాలి. లేకపోతే జోరు మీద ఒక్క పెడలే తొక్కినప్పుడు బండి తిరగబడుద్ది. ఆ గొళ్లెం దేనికో తెలియకుండానే లైసెన్సులు తెచ్చేసుకుంటున్నారు.

సరే, ఈ పవర్ స్టీరింగు చేసే మాయేంటి? ఇంజను పంపుని తిప్పుద్ది, నూనె ఒత్తిడి చక్రాల్ని నెట్టుద్ది, మన చెయ్యి వాల్వు తెరిస్తే చాలు. ఇంజను ఆగిందా, ఆ సాయమూ పోద్ది. గొట్టం పగిలితే నూనంతా మళ్లోకే. మా పాతదానికి గ్రీజు కొట్టి, అరిగిన రాడ్డు చివర్లు మారిస్తే మళ్లీ దమ్ముకి సిద్ధం.

అలాగని దండగని అనను. ముందు లోడరు బిగిస్తే బరువంతా ముందు ఇరుసు మీదే. అప్పుడు మామూలు స్టీరింగుతో కుస్తీ పట్టడం మూర్ఖత్వం. రోజంతా దమ్ము చేసే కిరాయి బండికీ కావాల్సిందే. నా కుడి భుజం సంగతి రాత్రిళ్లు మా ఆవిడ్ని అడగండి, చెప్తుంది. అమెరికాలో రాళ్లదారుల్లో తోలే నాలుగు చక్రాల ఏటీవీలకి కూడా పవర్ స్టీరింగు పెడుతున్నారు. దానికి నూనె కాదు, కరెంటు మోటారు. చక్రం రాయికి గుద్దుకుంటే ఆ దెబ్బ చేతికి రాకుండా చాలావరకు అదే కాస్తుంది. బాగానే ఉంది.

నా గోలంతా రోడ్డు మీద. ధాన్యం బస్తాలు ట్రక్కులో వెనక కాకుండా ముందుకి పేరిస్తే ఆ బరువు కొక్కెం మీద పడి, ట్రాక్టరు ముందు భాగం తేలిపోద్ది. గట్టెక్కేటప్పుడు మరీను. మా బండిలో స్టీరింగు తేలికవగానే చేతికి తెలిసిపోయేది. దిగి నాలుగు బస్తాలు వెనక్కి జరిపేవాళ్లం. ఇప్పుడది ఎప్పుడూ తేలికే కదా! చక్రం నేలని తొక్కుతోందో గాల్లో ఉందో ఆ వేలికేం తెలుసు? పైగా డెక్కు పెట్టి పాటలు. చెవికీ తెలియదు, చేతికీ తెలియదు.

లోడరో, దమ్ము కిరాయిలో ఉంటే పవర్ స్టీరింగే కొనండి బాబూ, నా మాటలకి ఆగకండి. ఎకరం రెండెకరాల సొంత సాగుకి పాత బండి ఉంటే మాత్రం దీనికోసం అమ్ముకోకండి. ఏ బండైనా సరే, ధాన్యం ట్రక్కు తగిలించాక బ్రేకులకి గొళ్లెం పెట్టి, రెండు చేతులూ స్టీరింగు మీద వెయ్యండి.