చుట్టా టపా సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: సిగరెట్టు టపాకెక్కదు, చుట్ట ఎక్కును, ఏది మేలిచుట్టయో ఏలికకు తెలియును.

అవతారిక: అమెరికాలో టపా ద్వారా చుట్టలు తెప్పించుకునే రసికుల స్థితిగతులను పై సూత్రం నిరూపిస్తుంది. మొదటి రెండు వాక్యాలకు ఆధారం పాక్ట్ చట్టం. పన్ను ఎగవేసి రాష్ట్రాల సరిహద్దులు దాటే సిగరెట్లనూ, పిల్లల చేతికి పోయే పొట్లాలనూ అరికట్టేందుకు చేసిన ఆ చట్టంపై 2010 మార్చి 31న సంతకం పడింది. జూన్ 29 నుంచి అమలైంది. మూడో వాక్యం 2009 నాటి పొగాకు నియంత్రణ చట్టం నుంచి పుట్టింది. తగాదా అంతా అక్కడే.

టీకా: సిగరెట్టు = కాగితంలో చుట్టిన పొగాకు; ఉపలక్షణం చేత నమిలే పొగాకు, నశ్యం కూడా; 2020 డిసెంబరు సవరణ తర్వాత ఈ-సిగరెట్టు సైతం. టపాకు = ప్రభుత్వ తపాలా శాఖ సంచికి. ఎక్కదు = స్వల్ప మినహాయింపులు తప్ప చేరరాదు. చుట్ట = పొగాకు ఆకులో గాని, పొగాకు కలిసిన పదార్థంలో గాని చుట్టిన పొగాకు. ఎక్కును = ఆ నిషేధం అంటక పోవును. రసికులు చెప్పాపెట్టకుండా ఒకరికొకరు పంపుకునే కానుక చుట్టలూ ఈ దారినే పోతాయి. వాటికి వారి పరిభాషలో ‘బాంబు’ అని పేరు. తపాలా కిటికీ ముందు ఉచ్చరించదగిన మాట కాదు. ఏలికకు = ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు. తెలియును = ఇచట వివాదము; ముందు చూడుడు.

పూర్వపక్షం: టపా తలుపు తెరిచే ఉండగా రసికుడికి భయమెందుకు?

సమాధానం: తలుపు సంగతి వేరు, సరుకు సంగతి వేరు. 2016 మేలో ప్రచురించి ఆగస్టు 8 నుంచి అమల్లోకి తెచ్చిన నియమంతో ఎఫ్‌డీఏ చుట్టలన్నిటినీ తన పరిధిలోకి లాక్కుంది. 2007 ఫిబ్రవరి 15 నాటికి అంగట్లో ఉన్న చుట్ట పాతకాపు. ఆ తర్వాత పుట్టిన ప్రతిదానికీ అనుమతి కావాలన్నది ఆ నియమం. ఏళ్ల తరబడి ఒకే సరుకు పోసే సిగరెట్టు కంపెనీకి ఇది ప్రాణాంతకం కాదు. చుట్ట తీరు వేరు. నికరాగువాలోని ఎస్తెలీలోనో, హోండురాస్‌లోని దాన్లీలోనో ఉన్న చిన్న కార్ఖానా పంటను బట్టి కూర్పు మారుస్తుంది, అప్పుడప్పుడూ కొద్ది పెట్టెల ప్రత్యేక తయారీ వదులుతుంది. అంత కొద్ది సరుకుకు పరీక్షలూ దరఖాస్తులూ పెడితే ఖర్చు రాబడిని మింగుతుంది, తయారీ ఆగుతుంది. ఊళ్లో దుకాణం పది రకాలతో సరిపెట్టుకోగలదు. టపా రసికుడు ఉన్నదే పదకొండో రకం కోసం. ఉచిత నమూనాలను కూడా ఆ నియమమే మాన్పించింది.

అంతకన్నా విచిత్రం 2014 నాటి ముసాయిదా. మేలిచుట్టలను మినహాయించే ఒక ప్రత్యామ్నాయం అందులో ఉంది. కానీ తగ్గింపులూ కూపన్లూ పోను చుట్ట ఒక్కింటికి 10 డాలర్లకు తగ్గని ధర ఉంటేనే అది మేలిచుట్ట. తగ్గింపు కోసమే టపాను ఆశ్రయించేవాడికి ఇంతకన్నా గురిచూసిన దెబ్బ లేదు: దుకాణంలో మేలిదైన చుట్ట బేరంలో దొరకగానే నాసిదవుతుంది. చివరి నియమంలో ఆ మినహాయింపే ఎగిరిపోయింది.

సిద్ధాంతం: మేలిచుట్ట తాగేవారు ఎంత అరుదుగా తాగుతారన్నదానిపై తన ముందున్న ఆధారాలను ఎఫ్‌డీఏ పట్టించుకోలేదని వాషింగ్టన్ జిల్లా న్యాయస్థానంలో జడ్జి అమిత్ మెహతా 2022లో తప్పుపట్టారు; 2023 ఆగస్టులో మేలిచుట్టల వరకు నియమాన్ని కొట్టివేశారు. చుట్ట పొగ నోటి కేన్సరుకు కారణమన్న మాట ఈ తీర్పుతో చెరిగిపోలేదు. మేలిచుట్టకు తీర్పు చెప్పిన అష్టలక్షణాలు ఇవి: పై పొర అఖండమైన పొగాకు ఆకు కావాలి, దాని కింద బిగించే ఆకు నూరుపాళ్లూ పొగాకే, కూరిన పొగాకులో సగమైనా పొడవాకు ఉండాలి, చేతితో చుట్టాలి, ఫిల్టరు గాని, పొగాకుది కాని కొస గాని ఉండరాదు, పొగాకు రుచి తప్ప వేరే రుచి తేలరాదు, పొగాకు, నీరు, వృక్షజన్యమైన జిగురు మినహా ఏదీ కలపరాదు, వెయ్యి చుట్టల తూకం 6 పౌండ్లు దాటాలి. తర్కగ్రంథాలలో సైతం ఇంత బిగువైన లక్షణం అరుదు. వెనిలా, కాఫీ పరిమళాలద్దిన చుట్టలు మాత్రం గట్టు అవతలే నిలిచిపోయాయి. 2025 జనవరిలో అప్పీలు కోర్టు కొట్టివేతను సమర్థిస్తూనే, ఈ లక్షణాన్ని మళ్లీ పరిశీలించమని కింది కోర్టుకు పంపింది.

విశేషాంశాలు: పన్ను విషయం క్లుప్తం. ఫెడరల్ సుంకం తయారీదారు ధరలో 52.75 శాతం, కానీ చుట్టకు 40.26 సెంట్లు దాటదు. కాబట్టి ఖరీదైన చుట్టకు భారం లెక్కలోకి రాదు. రాష్ట్రాల పన్నే అసలు తేడా. పెన్సిల్వేనియా, ఫ్లోరిడాలలో పెద్ద చుట్టలపై రాష్ట్ర ఎక్సైజు లేదు. పేరున్న టపా వ్యాపారులు పలువురు అక్కడే స్థిరపడటం కాకతాళీయం కాదు. తమ గడ్డపై దుకాణం లేని వ్యాపారి చేత కూడా రాష్ట్రాలు అమ్మకపు పన్ను వసూలు చేయించవచ్చని 2018లో సుప్రీంకోర్టు తేల్చడంతో ఆ లాభం కొంత తరిగింది.

అపవాదం: క్యూబా చుట్టకు అష్టలక్షణాలు నిండుగా ఉన్నా సూత్రం వర్తించదు. 1962 ఫిబ్రవరి ఆంక్షల నుంచి దాన్ని అమెరికాకు తెప్పించుకోవడం, మూడో దేశం నుంచి టపాలో అయినా సరే, చట్టవిరుద్ధం.