రెండంగుళాల గుడ్డ పీలిక

హెడ్మాస్టర్ల తరఫున మాట్లాడే నాథుడు ఈ రోజుల్లో కరువయ్యాడు. ఆ లోటు ఈ వారం నేను తీరుస్తాను.

1965 డిసెంబరు. అమెరికాలో అయోవా రాష్ట్రం, డెమోయిన్ నగరం. వియత్నాంలో ఇరువైపులా చస్తున్నవాళ్లకు సంతాపంగా, క్రిస్మస్ కాల్పుల విరమణ కోరుతూ కొందరు పిల్లలు చేతికి నల్లగుడ్డ కట్టుకుని బడికి రావాలనుకున్నారు. సంగతి ముందే పొక్కింది. 14వ తేదీన ప్రిన్సిపాళ్లంతా కూడి తీర్మానం చేశారు: నల్లగుడ్డతో వస్తే తీసెయ్యమందాం, తియ్యకపోతే ఇంటికి పంపేద్దాం. పిల్లలు గుడ్డలు కట్టుకొచ్చింది 16న. నేరం జరగడానికి రెండు రోజుల ముందే శిక్ష సిద్ధం. ఇంత ముందుచూపు బడి పైకప్పు కారే విషయంలో మాత్రం ఏ దేశంలోనూ కనబడదు, ఎందుకో.

ఎనిమిదో తరగతి చదివే పదమూడేళ్ల మేరీ బెత్ టింకర్‌ని ఇంటికి పంపారు. ఆమె అన్న జాన్‌నీ, స్నేహితుడు క్రిస్టఫర్ ఎకార్ట్‌నీ పంపారు. ఆ పట్నం బళ్లలో చదివే పిల్లలు 18,000 మంది. సస్పెండైనవాళ్లు ఐదుగురు. గుడ్డ వెడల్పు రెండంగుళాలకు మించలేదు. ఇవన్నీ సుప్రీంకోర్టు తీర్పులో ఎక్కిన లెక్కలే. మరో సంగతి కూడా ఎక్కింది. అవే బళ్లకు పిల్లలు ఎన్నికల బ్యాడ్జీలు పెట్టుకొచ్చేవారు, నాజీల గుర్తుగా పేరుపడ్డ ఇనుప శిలువ వేసుకొచ్చినవాళ్లూ ఉన్నారు. వాటివల్ల క్రమశిక్షణకు ఏ ముప్పూ రాలేదు. ప్రిన్సిపాలుగారి కంటికి ఆనేది నలుపొక్కటే.

బళ్లో గొడవలవుతాయన్నది యాజమాన్యం భయం. ఆ భయం పూర్తిగా వట్టిదని నేనను. గొడవ జరిగింది. టింకర్ల ఇంటి మీద ఎర్ర రంగు చల్లిపోయారు. పండగ పూట ఫోను చేసి బాంబు పెడతామన్నారు. ఇవేవీ నల్లగుడ్డ కట్టుకున్నవాళ్ల పనులు కావు. రంగు డబ్బా పట్టుకొచ్చినవాళ్ల మీద తీర్మానం చెయ్యడానికి మాత్రం ఏ సమావేశమూ జరగలేదు. వాళ్లు బహుశా డ్రెస్ కోడ్ ప్రకారమే వచ్చి ఉంటారు.

సెలవులయ్యాక పిల్లలు తిరిగొచ్చారు, గుడ్డ తీసేసి. మేరీ బెత్ మిగతా విద్యాసంవత్సరమంతా ఒంటిమీద నల్లబట్టలే వేసుకుంది. రెండంగుళాల నలుపు నిషేధం. నిలువెల్లా నలుపుకి అభ్యంతరం లేదు. రూలు రూలే కదా!

పిల్లలు కోర్టుకెక్కారు. 1969 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు పిల్లల పక్షాన, ఇద్దరు బడి పక్షాన నిలిచారు. పిల్లలు రాజ్యాంగాన్ని చెప్పుల్లా గేటు బయట విడిచి రానక్కర్లేదన్నది జస్టిస్ ఏబ్ ఫోర్టాస్ రాసిన తీర్పు సారాంశం. ఆ ఇద్దరిలో హ్యూగో బ్లాక్ ఒకరు. వాక్స్వేచ్ఛకు అడ్డు చెప్పే చట్టమేదీ చెల్లదని జీవితమంతా వాదించిన పెద్దమనిషి. అంతటివాడు కూడా, సరిగ్గా తన ఎనభై మూడో పుట్టినరోజుకి మూడు రోజుల ముందు, బడి పిల్లలు పెద్దల మాట వినరేమోనని బెంగపడ్డాడు. స్వేచ్ఛ ఎంతటి మహానుభావుడికైనా ముద్దే, మనవళ్లు అడగనంతవరకూ.

నిరాశపడకండి, హెడ్మాస్టర్లూ! అదే తీర్పు మీకో వెసులుబాటు వదిలింది. లంగాల పొడవు, బట్టల తీరు, జుట్టు మా ముందున్న ప్రశ్న కావంది. అంతే, టేపులు పైకి లేచాయి.

నార్త్ కరోలినాలో ఒక చార్టర్ బడి ఉంది. ఆడపిల్లలు లంగాలే వేసుకోవాలి, ప్యాంటు కూడదని అక్కడ రూలుండేది. ఎందుకండీ అని ఒక తల్లి అడిగితే స్థాపకుడు జవాబిచ్చాడు: ఇది స్త్రీలను గౌరవించే పాత మర్యాద, స్త్రీ సుకుమారమైన పాత్రలాంటిది, మగవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ సుకుమారమైన పాత్రలు ఉయ్యాల ఎక్కలేక, బంతాట ఆడలేక, ఏ కాస్త కదిలినా లంగా ఎక్కడ లేస్తుందోనని చూసుకుంటూ కూచున్నాయి. 2016లో కోర్టుకెక్కిన వ్యవహారం 2022లో అప్పీలు కోర్టులో పదీ ఆరు ఓట్లతో తేలింది, బడి ఓడింది. బడి సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2023లో అక్కడ కేసు తీసుకోనన్నారు. ఏడేళ్లు. ఆనాడు లాగూ తొడుక్కోబోయి ఆగిన పాప ఈపాటికి హైస్కూలుకెళ్లి ఉంటుంది.

మన దగ్గర ఇంత రాద్ధాంతం ఉండదు. పీఈటీ సారు వేళ్ల సందున జుట్టు పట్టుకుంటాడు. పైకి కనబడిందా, కత్తెర. ఆడపిల్లలకు రెండు జడలు, రిబ్బను కట్టి మడిచినవి; ఒక జడ వేసుకొచ్చిందంటే ఆ పిల్ల చదువు చెడిపోయినట్టే. జడకీ త్రికోణమితికీ ఉన్న సంబంధం ఏ పేరెంట్స్ మీటింగులోనూ ఎవరూ అడగరు, ర్యాంకు గురించి అడగడానికే టైం చాలదు. తలగుడ్డ సంగతికొస్తే, 2022 అక్టోబరులో కర్ణాటక హిజాబ్ కేసు మీద సుప్రీంకోర్టులో కూచున్న ఇద్దరు జడ్జీలు రెండు వేర్వేరు తీర్పులిచ్చారు. టీచర్లు తమకు నచ్చింది ఎంచుకోవచ్చని మాత్రం చెప్పలేదు పాపం.

చేతికి కట్టినా తప్పు, ఒంటికి తొడిగినా తప్పు. మరి నోరు మూసుకుంటే? దాని లెక్కా తేలింది. కేరళలో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు, పదో తరగతి, తొమ్మిది, ఐదు. పొద్దున్నే ప్రార్థనలో జాతీయగీతం వస్తే అందరితోపాటు లేచి నిలబడేవారు. తమ మతం ఒప్పుకోదని పాడేవారు కాదు. ఎవరూ పట్టించుకోలేదు. 1985 జులైలో ఒక ఎమ్మెల్యేగారి దేశభక్తి మేలుకుంది. అసెంబ్లీలో ప్రశ్న వేశారు. కమిషన్ వేశారు. పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అగౌరవపరచలేదనీ కమిషన్ చెప్పింది. అయినా స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఆదేశించారు, ప్రధానోపాధ్యాయురాలు బడి నుంచి తీసేశారు. హైకోర్టు కూడా పిల్లల మొర వినలేదు. ఏడాది తర్వాత, 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ ఉత్తర్వు కొట్టేశారు. మర్యాదగా లేచి నిలబడితే చాలు, పాడి తీరాలనే చట్టం ఈ దేశంలో లేదన్నారు. మాట్లాడే హక్కులోనే మౌనంగా ఉండే హక్కూ ఉందన్నారు.

డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ల పరిస్థితి ఆలోచించండి. ఇప్పుడు ప్రతి స్కూలు అసెంబ్లీలోనూ ఎవరు పాడుతున్నారో, ఎవరు పెదాలు మాత్రం కదుపుతున్నారో, కదపనివాళ్లలో ఎవరిది భక్తితో కూడిన మౌనమో, ఎవరిది నిద్రమత్తో విడదీసి రిజిస్టర్లో రాయాలి. ఉన్న సిబ్బంది చాలదు. మండలానికొక పెదవుల పరిశీలకుడి పోస్టు మంజూరు చెయ్యాలని, అభ్యర్థులకు చెవులు లేకపోయినా ఫర్వాలేదు గానీ సొంత టేపు ఉండాలని విద్యాశాఖకు నా మనవి.