ఒక్క ‘ఎస్’ పెత్తనం

మా ఇంట్లో కరెంటు బిల్లు నేను కడతాను, పాలవాడి లెక్క మా ఆవిడ చూస్తుంది, అమ్మాయి హోంవర్కు మాత్రం ఇద్దరి నెత్తినా పడుతుంది. కాబట్టి ఇంగ్లీషు వ్యాకరణం మీద అర్జీ పెట్టుకునే హక్కు గృహస్థుగా నాకు సంపూర్ణంగా ఉంది.

అర్జీ సారాంశం: ఆ భాషలో కర్తకూ క్రియకూ నడుమ దూరి ‘ఎస్’ అనే అక్షరం చేస్తున్న పెత్తనం మాబోటి కుటుంబీకులకు భరించరానిదిగా ఉంది. నామవాచకం చివర అది చేరితే బహువచనం. బాయ్ అంటే ఒకడు, బాయ్స్ అంటే పలువురు. బాగానే ఉంది, మన ‘లు’ లాంటిదేనని సర్దుకున్నాం. అదే అక్షరం క్రియ చివర చేరితే ఏకవచనమట! ద బాయ్ రన్స్, ద బాయ్స్ రన్. ఒకే గొడుగున్న ఇల్లు అనుకోండి: కర్త పట్టుకుపోతే క్రియ తడవాలి, క్రియ పట్టుకుపోతే కర్త తడవాలి. మా అమ్మాయి జాలిపడి ఇద్దరికీ చెరొకటి ఇచ్చి ‘ద బాయ్స్ రన్స్’ అని రాసింది. టీచరుగారు ఎర్రసిరాతో సున్నా చుట్టారు.

పోనీ ఈ ‘ఎస్’ ఆ భాషలో మొదటినుంచీ పాతుకుపోయినదా అంటే అదీ కాదు. పాత ఇంగ్లీషులో నేను, నీవు, అతడు అన్న తేడాను బట్టి క్రియ చివర మారుతూ ఉండేది. వందల ఏళ్లలో వాటిలో చాలావాటిని ఒక్కొక్కటిగా వదిలించుకున్నా, మనం ప్రథమ పురుష అనేదానికి ‘థ్’ను ఉంచుకున్నారు. అప్పుడు ఉత్తర ఇంగ్లండు మాండలికాల్లోని ‘ఎస్’ మెల్లగా దక్షిణానికి దిగి దాన్నీ నెట్టేసింది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో ఇంకా ‘థ్’దే రాజ్యం. ఆ కాలపువాడే అయిన షేక్‌స్పియర్ నాటకాల్లో రెండూ కనిపిస్తాయి. మనం ప్రథమ పురుష అని పీట వేసినవాణ్ణి వాళ్లు థర్డ్ పర్సన్ అని మూడో వరసలో కూర్చోబెట్టారు. అందుకిచ్చిన నష్టపరిహారం కాబోలు ఈ ‘ఎస్’.

అన్నీ వదిలినవాళ్లు ఈ చివరిదాన్నీ వదిలేస్తే ఏం పోయింది? నార్‌ఫక్ పల్లెల సంప్రదాయ మాండలికంలో వదిలేశారు కూడా. అక్కడ ‘హీ గో’ అంటారు, ఆకాశం విరిగి పడలేదు. మా అమ్మాయి అదే రాస్తే మాత్రం నార్‌ఫక్ మాండలికమని ఎవరూ మార్కులు వెయ్యరు. ‘కెన్’కూ ‘మస్ట్’కూ ఈ ‘ఎస్’ బెడద అసలే లేదు. ఏనాడో అవి భూతకాల రూపాలుగా పుట్టాయి కనుక మినహాయింపు అట. పుట్టుకను బట్టి పన్ను మాఫీ!

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది మర్యాద సంగతి. మా నాన్నగారు ఒక్కరే అయినా ‘వచ్చారు’ అంటాం. ఇంగ్లీషులో నాన్నగారికీ పిల్లికీ కలిపి ఒకటే ‘ఈజ్’. వాళ్లకు మర్యాద తెలియదనుకుందామంటే, తెలుసు! ఒకప్పుడు ‘దౌ’ అంటే నువ్వు, ‘యూ’ అంటే మీరు. పెద్దవాళ్లను ‘యూ’ అనడం మొదలుపెట్టి, ఎవరిని తగ్గిస్తే ఏం తంటానో అని అందరినీ ‘యూ’ అనేసి, చివరికి ‘దౌ’ను అటకెక్కించారు. పదిహేడో శతాబ్దంలో క్వేకర్లనే మతశాఖవాళ్లు ఒప్పుకోలేదు. దేవుడి ముందు అందరూ సమానమే కనుక ఎంతటి దొరనైనా ‘దౌ’ అనే పిలుస్తామని భీష్మించి, అందుకు చీవాట్లూ దెబ్బలూ తిన్నారు. అయినా ‘యూ’యే గెలిచింది, తన వెంట బహువచన క్రియను కూడా తెచ్చుకుంది. ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు ‘యూ వాజ్’ అందామని చూసినవాళ్లూ లేకపోలేదు. తరవాత బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762 నాటి తన వ్యాకరణంలో అది ఘోరమైన తప్పని తేల్చాడు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ దాని తరఫున వకాల్తా పుచ్చుకున్నా కేసు నిలబడలేదు. వెరసి ఈనాటి పరిస్థితి: వీధికుక్కతో ఇంగ్లీషులో మాట్లాడితే దానికి ‘ఆర్’, మా నాన్నగారి గురించి చెబితే ఆయనకు ‘ఈజ్’.

ఇంత కట్టుదిట్టంగా చట్టం చేసినవాళ్లు తాము పాటిస్తారా? ‘పోలీస్’కు ‘ఎస్’ లేదు, అయినా ఆర్. ‘న్యూస్’కు ఉంది, అయినా ఈజ్. ఇండియా దేశమైతే ఈజ్, క్రికెట్ జట్టయితే బ్రిటిష్ పద్ధతిలో ఆర్. మూడు వికెట్లు పడగానే ‘ఇండియా ఆర్’ అనే వ్యాఖ్యాతకు సున్నా చుట్టినవాళ్లను నేను చూడలేదు. అమెరికావాళ్లయితే తమ దేశం ఒకటో అనేకమో తేల్చుకోవడానికే చాలాకాలం తీసుకున్నారు. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి పదమూడో సవరణలో యునైటెడ్ స్టేట్స్‌ను ‘దెయిర్’ అని బహువచనంలోనే ప్రస్తావించారు. ఇప్పుడది శుద్ధ ఏకవచనం.

మనం ‘మామిడిపళ్ల బుట్ట వచ్చింది’ అంటాం. బుట్టా వచ్చిందీ పక్కపక్కనే ఉంటాయి, పొరపాటుకు సందు లేదు. ఇంగ్లీషులో ముందు బుట్ట, మధ్యలో పళ్లు, ఆ తరవాత క్రియ. అక్కడికి చేరేసరికి బుట్టను మరిచిపోయి పళ్లను చూసి ‘ఆర్’ అనేస్తాం. మనమే కాదు. 1991లో క్యాథరిన్ బాక్, క్యారల్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు, ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్లచేత ఇలాంటి వాక్యాలు పూర్తి చేయించి, వాళ్లూ సరిగ్గా ఇక్కడే జారుతున్నారని పత్రం రాశారు. వాళ్లు జారితే పరిశోధన, మా పిల్ల జారితే ఎర్రసిరా. సరే, పక్కనున్నదాన్ని నమ్మొద్దు తల్లీ అని గట్టిగా నూరిపోశామా, ‘నైదర్–నార్’ పాఠం వచ్చి, ఇక్కడ మాత్రం పక్కనున్నదాన్నే పట్టుకోమంది.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. పోపు పెడుతూ విన్నది.

“ఏవండీ, తెలుగులో నా సంగతేమిటి? మీ తమ్ముడొస్తే వచ్చాడు. నేనొస్తే వచ్చింది, గేదొచ్చినా వచ్చింది. మేం నలుగురం కలిసొస్తే మాత్రం గేదెల్లోంచి విడదీసి వచ్చారు అంటారు. ఒక్కదాన్నయితే మనిషిని కానా?”

మహత్తు, అమహత్తు అని బాలవ్యాకరణం ఎత్తబోయి, ఆమె చేతిలోని అట్లకాడను చూసి మానుకున్నాను. “గౌరవంగా వచ్చారు అనొచ్చుగా?” అన్నాను.

“మీరెప్పుడన్నా అన్నారా?”

ఈ అర్జీ ఇంగ్లీషు వ్యాకరణానికి మాత్రమే పరిమితం కనుక, ఆమె లేవనెత్తిన అంశం దీని పరిధిలోకి రాదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.