అమ్మడంలో మీకు మీరే సాటి

అయ్యా, మీ పేరు నాకు తెలియదు. మీ కత్తి మాత్రం మా ఇంట్లో ఉంది. నల్లటి పిడి, పిడి మీద ఎర్రరాయి, అంచులో చిన్న నెర్రె. మా అక్క కొడుకు ఫోన్‌లో, మీ ఆటలో, వాడి వీరుడి చేతిలో మెరుస్తూ ఉంటుంది. ఖరీదు 399 రూపాయలు. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. జహీరాబాద్‌లో నాకున్న ఫ్లెక్సీ షాపులో ఎండాకాలం సెలవుల్లో నాలుగు రోజులు కూర్చుని, బ్యానర్ల అంచులకు రింగులు కొట్టి, రోజుకు 100 చొప్పున నా దగ్గర తీసుకున్న డబ్బు అది. కత్తి కింద మీరు రాసిన మాట వాడు నాకు చదివి వినిపించాడు: "పరిమితం. మళ్లీ దొరకదు." పక్కనే గడియారం, గంటలు తగ్గుతూ.

ఆ కత్తి మళ్లీ దొరికింది. పని లేని ఒక మధ్యాహ్నం వాడు షాపు కంప్యూటర్‌లో యూనిటీ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని, ఆటలు తయారుచేయడం నేర్చుకుంటానని కూర్చున్నాడు. బొమ్మలు ఎక్కడ దొరుకుతాయా అని దానికున్న అసెట్ స్టోర్ అనే బొమ్మల దుకాణం తెరిచాడు. కాసేపటికి కేక పెట్టాడు. "అరె మామా, ఇటు రా! గిది నా కత్తే గదా!" అదే పిడి, అదే ఎర్రరాయి, అదే నెర్రె. నలభై ఆయుధాలున్న కట్టలో అదొకటి. కట్ట మొత్తం 20 డాలర్లు, మన లెక్కలో సుమారు 1,800 రూపాయలు. ఒక్కో ఆయుధానికి దాదాపు 45 రూపాయలు పడుతుంది. ఎవరైనా కొనుక్కోవచ్చు, తమ ఆటలో పెట్టుకోవచ్చు.

వాడు ఏడవలేదు. "గట్లయితే నాదొక్కటే కాదా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉంది, నా దగ్గర లేదు. అందుకని మిమ్మల్ని పొగుడుతూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇందులో ఒక్క పొగడ్తా ఉత్తది కాదు. మీకు నిజంగా ఉన్న గుణాలే చెబుతాను.

ముందు మీ కంటికి దండం. పద్దెనిమిదేళ్లుగా బొమ్మల మధ్య బతుకుతున్నవాణ్ణి. వేల బొమ్మల్లోంచి పనికొచ్చేదాన్ని ఏరడం ఎంత పనో నాకు తెలుసు. నా కంప్యూటర్‌లోనూ కొనిపెట్టుకున్న పీఎస్‌డీ డిజైన్ ఫైళ్లు కుప్పలుగా ఉన్నాయి. పుట్టినరోజులకు ఒక ఫోల్డరు, ఓణీల ఫంక్షన్లకు ఒకటి, బోనాలకు, ఉర్సుకు, ఎన్నికలకు ఒక్కోటి. వాటిలో నేను గీసినవి పదిలో ఒకటి కూడా ఉండవు. కాబట్టి కొన్న బొమ్మ వాడారని మిమ్మల్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అలా పట్టేవాళ్లతో నేను కలవను కూడా.

కానీ నా దగ్గరికి వచ్చిన మనిషి నా పక్కనే కుర్చీ లాక్కుని ఆ ఫోల్డరు చూస్తాడు. "అన్నా, గా డిజైన్ పెట్టు, మా సారు ఫోటో పెద్దగ పెట్టు" అంటాడు. నిన్న అదే డిజైన్ ఇంకొకరికి వెళ్లిందని అతనికి తెలుసు, చౌరస్తాలో చూసే వచ్చాడు. నేను తీసుకునేది చదరపు అడుగుకు ఇంత అని: షీటుకు, సిరాకు, నా కూలికి. పెళ్లి ఫోటోలు తీసే స్టూడియోవాళ్లదీ ఇదే పద్ధతి. కరిజ్మా ఆల్బమ్‌లో వధూవరుల వెనక నిలబడ్డ మంచుకొండ ఎవరి కెమెరాలోదో పెళ్లివారికి తెలియదు గానీ, అది మన ఊరిది కాదని తెలుసు. "ఈ కొండ మీకొక్కరికే" అని ఏ స్టూడియోలోనూ చెప్పగా నేను వినలేదు. మా బజారులో ఎవరికీ తట్టని ఆ మాట మీకు తట్టింది. అమ్మడంలో మీరు మా అందరికంటే చాలా ముందున్నారు.

ఒప్పందాలు చదవడంలోనూ అంతే. యూనిటీ అసెట్ స్టోర్ 2010లో మొదలైంది. అక్కడ బొమ్మ అమ్మిన చిత్రకారుడికి నూటికి 70, దుకాణానికి 30. ఎపిక్ అనే ఇంకో కంపెనీ ఇలాంటిదే అయిన తన అన్‌రియల్ దుకాణంలో చిత్రకారుడి వాటాను 2018లో 88కి పెంచింది. ఇలాంటి చోట్ల మీరు డబ్బు కట్టి తెచ్చుకునేది బొమ్మను కాదు, దాన్ని వాడుకునే అనుమతిని. ఆటలో కలిపి వాడుకోవచ్చు. విడిగా బొమ్మగా తిరిగి అమ్మకూడదు. మీరు ఆ గీత దాటలేదు. కత్తి ఫైలునే మా వాడి చేతిలో పెట్టి ఉంటే తప్పయ్యేది. మీరు అమ్మింది ఫైలు కాదు, మీ ఆటలో ఆ కత్తి పట్టుకుని తిరిగే వీలు. ఒప్పందం ఎక్కడా చిరగలేదు.

చిత్రకారుడు ఒక్కసారి తన 14 డాలర్లు తీసుకుని పక్కకు జరిగాడు. ఆ తరువాత ఆ కత్తిని పదివేలమంది కొన్నా అతనికి ఇంకో పైసా రాదు. ఒప్పుకునే అమ్మాడు, కాదనను. మీవైపు లెక్క చూస్తే, ఫోన్‌లోని యాప్ దుకాణం నూటికి 30 కోసుకున్నా ఏడుగురు పిల్లలు కొనేసరికి నలభై ఆయుధాల ఖరీదూ మీకు తిరిగి వచ్చేసింది. ఆ కత్తి ఆటలో తిరగడానికి మీరు రాసిన ప్రోగ్రాము ఉంది, సర్వర్ ఖర్చు ఉంది. ఆ కూలి మీది, తప్పకుండా తీసుకోవాలి. మిగిలినది దేని ఖరీదు? మా వాడు "నాదొక్కటే" అనుకున్న ఆ నమ్మకం ఖరీదు. దానికి చిత్రకారుడు పెట్టుబడి పెట్టలేదు, మీరూ పెట్టలేదు. పెట్టింది వాడే.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 57వ సెక్షన్ నాకు చాలా ఇష్టం. హక్కులన్నీ రాసిచ్చేసినా సరే, "ఇది నేను చేసింది" అని చెప్పుకునే హక్కు మాత్రం కర్త దగ్గరే ఉంటుందని చెబుతుంది. మీరు ఆ చిత్రకారుడి పేరు చెరపలేదు. ఎక్కడా రాయలేదు, అంతే.

ఇంకా దయగలవాళ్లు కూడా ఉన్నారు. నెదర్లాండ్స్‌లో కెన్నీ అనే ఆయన ఆటలకు పనికొచ్చే వేల బొమ్మలు తయారుచేసి, ఎవరైనా ఎలాగైనా వాడుకోండి, నా పేరు కూడా వేయనక్కర్లేదు అని లోకానికి వదిలేశాడు. ఓపెన్‌గేమ్‌ఆర్ట్ అనే చోట 2009 నుంచి ఎంతోమంది ఇలాగే ఊరికే పెడుతున్నారు. డబ్బులేని కుర్రవాడు కూడా ఆట చేయగలగాలని వాళ్ల కోరిక. అలా ఊరికే పెట్టినదానికి కూడా ఖరీదు కట్టి పిల్లలకు అమ్మగల సమర్థులు మీలో ఉన్నారు. ఎండాకాలం మా బస్టాండు దగ్గర పెట్టే చలివేంద్రంలో బిందె నింపుకుని, ఆగిన బస్సెక్కి గ్లాసుకు ఇంత అని అమ్మే నేర్పు అది. నీళ్లు పెట్టినవాడు అడ్డు చెప్పలేదు కదా అంటారు. నిజమే, చెప్పలేదు.

మీ ఓపికను మెచ్చుకోకపోతే అన్యాయం. మీకు ముందు ఈ దారిలో నడిచినవాళ్లకు అది లేదు. దుకాణంలో తయారుగా దొరికే సరుకంతా తెచ్చి, పేరు మార్చి, ఆట అని పెట్టేవారు. స్టీమ్ దుకాణంలో అలాంటివి ఎంత పెరిగాయంటే 2017 సెప్టెంబరులో సిలికాన్ ఎకో అనే ఒక్క తయారీదారు పెట్టిన 173 ఆటలను స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ ఒక్కసారిగా తీసేసింది. అంతకు ముందు ఏడాది డిజిటల్ హోమిసైడ్ అనే సంస్థ తన ఆటలు బాగాలేవన్న విమర్శకుడి మీద, చివరికి స్టీమ్ వాడుకదారుల మీద కూడా దావాలకు దిగి, ఆటలన్నీ అక్కడినుంచి పోగొట్టుకుంది. మీరు వాళ్లలా తొందరపడలేదు. ఆట మొత్తం బజారునుంచి తెస్తే దొరికిపోతారు. ఆట కష్టపడి చేసి, అందులో ఒక్క కత్తిని మాత్రం బజారునుంచి తెచ్చి, సరిగ్గా దానికే విడిగా ధర పెడితే ఎవరూ అడగరు. ఈ ఆలోచన మామూలు బుర్రకు రాదు.

2018లో పబ్జీ ఆట మీద కూడా కొన్న బొమ్మలు వాడారన్న గొడవ జరిగింది. కంపెనీవాళ్లు దాచలేదు. చిన్న జట్టుతో మొదలుపెట్టినవాళ్లు అన్నీ సొంతంగా గీస్తూ కూర్చోలేరన్న అర్థంలో బాహాటంగా జవాబిచ్చారు. ఆ జవాబు నాకు సబబుగానే తోచింది. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించేదాకా మా షాపు అరుగు మీద పిల్లలు ఆ ఆటలోనే మునిగి ఉండేవారు. ఈ గోడ ఎక్కడ కొన్నారు, ఈ షెడ్డు ఎవరు గీశారు అని ఒక్కరూ అడగలేదు. గోడ చూపించి "ఇది నీకొక్కడికే" అని ఎవరూ డబ్బు తీసుకోలేదు మరి.

ఇక మీ మాట. "మళ్లీ దొరకదు" అన్నారు. ఆ గడువు దాటాక మీ ఆటలో దాన్ని నిజంగానే అమ్మలేదు. అక్షరం అక్షరం నిజం. అబద్ధం ఆడకుండా పద్నాలుగేళ్ల పిల్లవాడి చేత అబద్ధాన్ని నమ్మించడం మీకు తెలుసు. వాడికి రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టదో, గడియారం ఎన్ని గంటల దగ్గర ఉంటే చేయి వణుకుతుందో కూడా మీకు తెలుసు. వాణ్ణి కన్న మా అక్కకు అంత తెలియదు. మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో చెప్పేచోట, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడాన్ని కూడా చేర్చింది. మీ కత్తి ఆ మాట కిందికి వస్తుందో రాదో కోర్టులే చెప్పాలి. పిల్లవాడికి చెప్పవలసిన సంగతి ఒకటి మీరు దాచారని చెప్పడానికి మాత్రం కోర్టు అక్కర్లేదు.

ఇక తీసుకున్నదానికి తిరిగి ఇవ్వడం గురించి ఒక మాట. మాకు దగ్గర్లోనే పస్తాపూర్ అనే ఊరు ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడిదే. ఆ సొసైటీ కింద ఊళ్లలో ఉన్న సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత రైతులు, జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలను ఇళ్లలోనే దాచిపెడతారు. సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను పెట్టుకుని పాత పంటల జాతరగా ఊరూరా తిరుగుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి ఈ ఆడవాళ్ల పనికే వచ్చింది. వాళ్ల దగ్గర విత్తనం లెక్క ఒకటుంది. తీసుకున్నామె పంట చేతికొచ్చాక రెండింతలు తిరిగి ఇస్తుంది.

నేను ఎన్నోసార్లు ఆలోచించాను, విత్తనం కూడా మీరు కొనే బొమ్మలాంటిదే. పిడికెడు తెస్తే గాదె నిండుతుంది. ఇచ్చినవాళ్ల ఇల్లు ఖాళీ కాదు. ఆ లెక్కన మీకంటే గొప్ప రైతు ఈ జహీరాబాద్ నేలలో లేడు. 45 రూపాయల గింజ వేసి, నీరు పెట్టకుండా, కలుపు తీయకుండా, ఒక్కో కంకి 399 చొప్పున కోసుకుంటున్నారు. ఈ ఎర్రనేలలో వాన కోసం ఆకాశం చూసే ఆడమనిషి రెండింతలు తిరిగి ఇస్తుంటే, ఇంత పండించిన మీరు గింజ ఇచ్చినవాడికి ఒక్క పేరు కూడా తిరిగి ఇవ్వలేకపోయారు.

చివరగా, మీరు గురువు కూడా. కత్తి సంగతి తెలిసిన మూడో రోజు మా వాడు నన్ను అడిగాడు: "మామా, ఆ కట్ట కొని నేను గూడ అట్లనే అమ్మచ్చు గదా?" బడిలో ఇన్నేళ్లుగా లెక్కలు ఎక్కించలేకపోయారు, మీరు మూడు రోజుల్లో వ్యాపారం నేర్పేశారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

హైదరాబాద్ ఇక్కడికి 100 కిలోమీటర్లు. ఆటల బొమ్మలు గీసి విదేశాలకు పంపే స్టూడియోలు అక్కడున్నాయి. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ 2022, 2023, 2024లో అక్కడే జరిగింది. మా వాడికి చేయి ఉంది, బాగా గీస్తాడు. రేపు వాడు అక్కడికి వెళ్తే ఎటువైపు కూర్చుంటాడో అని నా బెంగ. కత్తి గీసి 14 డాలర్లు తీసుకుని పేరు లేకుండా పోయేవైపు కూర్చున్నా నాకు బాధే, మీవైపు కూర్చున్నా బాధే.

అయ్యా, కొన్న బొమ్మలు వాడుకోండి. వాటి మీద మీరు పెట్టిన పనికి డబ్బు తీసుకోండి, మేం ఇస్తాం. ఆ కత్తి కింద దాన్ని గీసినవాడి పేరు రాయండి. ఫోన్ తెర చిన్నది, చోటు చాలదంటే "పరిమితం. మళ్లీ దొరకదు" అన్న మాటలు తీసేయండి. ఆ పేరు అక్కడ పడుతుంది.