ఓకే సార్, రేపొస్తా: టీకా తాత్పర్య సహితం

అవతారిక: వంటింటి కుళాయి రాత్రియంతయు కారుచుండెను. కింద బకెట్టు నిండుట, పారబోయుట, మరల నిండుట. తెల్లవారగనే గృహస్థు ప్లంబరునకు ఫోను చేసి మొరపెట్టుకొనగా, అతడిట్లు పలుకుచున్నాడు.

మూలం: ఓకే సార్, రేపొస్తా.

ప్రతిపదార్థం: ఓకే = అటులనే; సార్ = ఓ అయ్యా; రేపు = నేడు కాని ఏదో ఒక దినమున; వస్తా = వచ్చుటకు అభ్యంతరము లేనివాడను.

విశేషం: తక్కిన పదాలు సులభం. చిక్కంతా మొదటి దానితోనే. 'ఓకే' తత్సమం కాదు, తద్భవం కాదు, దేశ్యం అసలే కాదు. శుద్ధ అన్యదేశ్యం. 1839 మార్చి 23న అమెరికాలో, బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అచ్చయింది. ఆ రోజుల్లో అక్కడి పత్రికలవాళ్లకు ఒక వేళాకోళం పట్టుకుంది: మాటను కావాలని తప్పు స్పెల్లింగుతో రాయడం, ఆ తప్పులోంచి పొడి అక్షరాలు ఏరుకోవడం. 'ఆల్ కరెక్ట్' అన్నదానికి ఏ, సీ రావాలి. వీళ్లు ఓ, కే పెట్టారు. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలో ఉన్న రెండక్షరాలూ తప్పే! విరోధాభాసకు ఇంతకన్నా లక్ష్యం దొరకదు. 'ఆల్ రైట్'కు ఓ, డబ్ల్యూ అని ఇలాంటి తమ్ముడొకడు ఉండేవాడు గానీ, బట్టకట్టలేదు.

ఓకే బట్టకట్టడం ఎన్నికల పుణ్యం. 1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీకి దిగాడు. సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. 'ఓల్డ్ కిండర్‌హుక్' అన్న ఆయన ముద్దుపేరుకూ పొడి అక్షరాలు అవే కావడంతో అనుచరులు ఓకే క్లబ్బు పెట్టి ఊదరగొట్టారు. ఆయన హారిసన్ చేతిలో ఓడిపోయాడు. ఓకే అన్నవాళ్లంతా ఓటేయరన్నది మనవాళ్లకు కొత్త సంగతేం కాదు.

పూర్వపక్షం: ఇది చోక్టా తెగవారి మాట అని కొందరు, 'ఓలా కలా' అనే గ్రీకు పలుకుబడి అని కొందరు. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ చోక్టా పక్షం. స్పెల్లింగు కూడా దానికి తగ్గట్టే మార్చి రాసేవాడు. అలెన్ వాకర్ రీడ్ అనే కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు పాత పత్రికల కట్టలన్నీ తిరగేసి, 1963, 64లలో వరస వ్యాసాలు రాసి, బోస్టన్ లెక్కే ఖాయం చేశాడు. ఇంటిపేరు నిలబెట్టాడు.

వ్యాకరణం: సంధి లేనిచోట యడాగమం అన్నాడు చిన్నయసూరి. ఆ ప్రకారం 'ఓకేయండి' కావాలి. జనం 'ఓకేనండి' అంటున్నారు. బహుళ గ్రహణం చేత సాధువే అనుకుని ముందుకు పోదాం.

పాఠాంతరం: వాట్సాప్ ప్రతుల్లో 'కే' అని మాత్రమే కనిపిస్తుంది. ఓకారంతో పాటు మర్యాద కూడా లోపించింది కనుక ఈ పాఠం అగ్రాహ్యం.

వ్యంగ్యార్థం: షూటింగులో డైరెక్టరు ఓకే అంటే షాటు అయిపోయింది. పెళ్లిచూపుల తర్వాత అటువాళ్లు ఓకే అంటే ముహూర్తాల మాట మొదలు. ప్లంబరు ఓకే ఈ రెండు జాతులకూ చెందదు. అందులోనూ అంగీకారం ఉంది. అయితే అది రావడానికి కాదు, ఫోను పెట్టేయడానికి.

తాత్పర్యం: అయ్యా, మీ గోడు విన్నాను. ప్రస్తుతం ఇంకొకరి సింకు కింద పడుకుని ఉన్నాను. రేపు మీరే ఫోను చేయండి, ఎత్తితే మాట్లాడుకుందాం.

ఫలశ్రుతి: ఈ టీకను శ్రద్ధగా చదివినవారు వెంటనే గేటువాల్వు కట్టేసి, హార్డ్‌వేరు షాపులో వాషరు కొని తెచ్చి, తామే బిగించుకొనగలరు. చేతకానివారు ఇంకో ప్లంబరు నంబరు దగ్గర పెట్టుకొనగలరు.