ఆశించిన జవాబు: అద్దం

మా జిల్లా పరిషత్ హైస్కూలుకి ఏటా బి.ఇడి. ట్రైనీలు వస్తారు. ఇస్త్రీ బట్టలు, చంకలో చార్టుల చుట్ట, సంచిలో థర్మోకోల్ సౌర కుటుంబం, గుండెలకు హత్తుకున్న లెసన్ ప్లాన్ రికార్డు. వాళ్లొస్తే పిల్లలకు పండగ. కొట్టరు, తిట్టరు, జవాబు చెబితే 'వెరీ గుడ్' అంటారు. చెప్పకపోయినా అంటారు, పునర్బలన నైపుణ్యానికి మార్కులున్నాయి మరి.

నేను ఫిజికల్ సైన్స్ అసిస్టెంటుని కాబట్టి భౌతికశాస్త్రం ట్రైనీలు నా వంతు. వెనక బెంచీలో కూర్చుని పరిశీలన పత్రం నింపాలి, చివర్లో సంతకం పెట్టాలి. పోయినేడు ఆ బెంచీ మీంచి చూసిన పాఠం ఒకటి ఇంకా మరుపు రాలేదు.

పదో తరగతి, గోళాకార దర్పణాలు. చెప్పేది ఇరవై రెండేళ్ల అమ్మాయి. బుద్ధిమంతురాలు, కష్టపడే పిల్ల. ప్రేరణ ప్రశ్నతో మొదలుపెట్టింది.

"పిల్లలూ, పొద్దున బడికి తయారయ్యేటప్పుడు దేంట్లో చూసుకుని తల దువ్వుకుంటారు?"

"ఫోన్లో టీచర్!"

రికార్డులో కుడివైపు గడిలో 'ఆశించిన జవాబు: అద్దంలో' అని ఎర్రసిరాతో ఉంది. ఆ అమ్మాయి ఒకసారి రికార్డు వంక, ఒకసారి నా వంక చూసింది. "ఫోన్ కాకుండా?" అంది.

"నాకు మా నానమ్మ దువ్వుతుంది టీచర్."

ఆశించిన జవాబు మరీ దూరమైపోయింది. అప్పుడు మూడో బెంచీ కుర్రాడొకడు లేచి, "మా నాన్న బండి అద్దంలో టీచర్. అందులో మొహం చిన్నగా కనబడుద్ది" అన్నాడు.

నేను బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాను. బండికి వెనక వచ్చేవాళ్లను చూపించే ఆ అద్దం కుంభాకార దర్పణం. ఆ రోజు పాఠం అదే. ఆ అద్దం బడి ముందు, మా హెడ్మాస్టారి స్కూటర్ మీదే ఉంది. పిల్లాడు పాఠాన్ని పళ్లెంలో పెట్టి తెచ్చాడు. 'చిన్నగా ఎందుకు కనబడుతుంది రా?' అని ఒక్కమాట అడిగితే పీరియడంతా దానంతట అదే నడిచిపోయేది.

"వెరీ గుడ్, అద్దం! కూర్చో" అంది ఆ అమ్మాయి, ఒడ్డు దొరికినట్టు. తర్వాతి ప్రశ్న 'అద్దం ఉపరితలం ఎలా ఉంటుంది?', ఆశించిన జవాబు 'సమతలంగా'. మొహం చిన్నగా కనబడే సంగతి ఏ గడిలోనూ లేదు. తొమ్మిది నిమిషాలకు శీర్షికా ప్రకటన అయింది. నేను పరిశీలన పత్రంలో 'పాఠ్య ప్రవేశం' ఎదురుగా 'ఎ' వేశాను. పథకం ప్రకారం నడిచిన పాఠానికి 'బి' వేయడానికి నాకు కారణం దొరకలేదు.

తప్పు ఆ పిల్లది కాదు. ఆమెకు నేర్పింది ఆమె అప్పజెప్పింది. జర్మనీలో 1841లో కన్నుమూసిన హెర్బార్ట్ పాఠానికి నాలుగు మెట్లు చెప్పాడట. శిష్యులు ఐదు చేశారు. మనవాళ్లు పునర్విమర్శ కూడా కలిపి ఆరు చేసి, సన్నాహం నుంచి దించకుండా వల్లె వేయిస్తున్నారు. 1956లో బ్లూమ్ మహాశయుడు లక్ష్యాలను వర్గీకరించాడు. మన రికార్డుల్లో ఆయన క్రియాపదాల జాబితాగా మిగిలాడు. విద్యార్థి గుర్తిస్తాడు, పోలికలు చెబుతాడు, భేదాలు చెబుతాడు, పటం గీస్తాడు, నిత్యజీవితానికి అన్వయిస్తాడు. వీటిని స్పష్టీకరణలంటారు. రికార్డుల్లో నివసించే ఆ విద్యార్థిని ఒక్కసారి చూడాలని నాకెంతో కోరిక. నలభై ఐదు నిమిషాల్లో అన్నీ చేసేస్తాడు, మధ్యలో నీళ్ల కోసం కూడా బయటికి వెళ్లడు.

కళాశాలలో ఈ శాస్త్రమంతా ఎలా చెబుతారో ఒక ట్రైనీ నోట్సులో చూశాను. 'ఉపన్యాస పద్ధతి, లోపాలు: ఒకటి, విద్యార్థి నిష్క్రియుడిగా ఉంటాడు. రెండు, ప్రయోగాలకు తావు లేదు.' ఎవరు చెప్పారమ్మా అంటే, మేడం డిక్టేట్ చేశారు సార్, గంటసేపు మేం రాసుకున్నాం అంది. పిల్లవాడే స్వయంగా కనుక్కోవాలని ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పిన అన్వేషణ పద్ధతి నిర్వచనాన్ని కంఠస్థం చేయించిన కళాశాల అది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

ఇక మైక్రోటీచింగ్. 1963 ప్రాంతంలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. కొత్త టీచరు కొద్ది నిమిషాలు పాఠం చెప్పాలి, దాన్ని వీడియో తీయాలి, తన లోపాలు తనే చూసుకుని మళ్లీ చెప్పాలి. మనదగ్గర అది 36 నిమిషాల చక్రమైంది. బోధన ఆరు, సలహాలు ఆరు, పునఃపథకం పన్నెండు, పునర్బోధన ఆరు, మళ్లీ సలహాలు ఆరు. లెక్క సరిపోయింది. కెమెరా బదులు చేతిగడియారం ఉన్న స్నేహితురాలు కూర్చుంటుంది. పిల్లల స్థానంలో తోటి ట్రైనీలు కూర్చుని, న్యూటన్ ఎవరో తెలియనట్టు మొహాలు పెడతారు. వాళ్లలో కొందరికి అదేమంత కష్టం కాదు.

అదే స్టాన్‌ఫర్డ్‌లో లీ షుల్మన్ అనే ఆచార్యుడు 1986లో ఇంకో మాట అన్నాడు. విషయం వేరు, పద్ధతి వేరు అని విడగొడితే అసలుది జారిపోతుందని, ఫలానా పాఠాన్ని ఫలానా వయసు పిల్లలు ఎక్కడ తప్పుగా అర్థం చేసుకుంటారో, ఏ ఉదాహరణతో ఆ ముడి విప్పాలో తెలియడమే టీచరు సొంత విద్య అని. మనం గడియారాన్ని దిగుమతి చేసుకుని ఈ మాటను రేవులోనే వదిలేశాం. వదిలేశామంటే మళ్లీ తప్పు, అదీ నోట్సులో ఉంది. షార్ట్ ఆన్సర్ల కింద.

కళాశాలవారిని కదిపితే వచ్చే జవాబు ఒకటే. "కంటెంట్ డిగ్రీలో చదువుకునే వస్తారండీ, మేం నేర్పేది మెథడ్." డిగ్రీ కాలేజీవారిని అడిగితే "మేం ఫిజిక్సు చెబుతాం, పిల్లలకు చెప్పడం బి.ఇడి.లో నేర్పుతారు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు. రెంటికీ చెడ్డ రేవడి ఎవరంటే, మూడో బెంచీలో బండి అద్దం గురించి చెప్పినవాడు.

ఈ కంటెంట్ సంగతేదో చూద్దామని ఒకరోజు మధ్యాహ్నం ఐదుగురు ట్రైనీలను ల్యాబు గదిలో కూర్చోబెట్టాను. ల్యాబు అంటే రెండు బీరువాలు, ఒక దానికే తాళం చెవి ఉంది. "కుంభాకార కటకంతో తెరమీద బొమ్మ పడుతోంది. కటకంలో సగాన్ని నల్లకాగితంతో మూసేస్తే బొమ్మ ఏమవుతుంది?" అని అడిగాను.

నలుగురు "సగం బొమ్మ పడుతుంది సార్" అన్నారు. ఐదోవాడు "సార్, అది సిలబస్‌లో లేదు కదా" అన్నాడు.

నలుగురిలో ఒకడు ఎం.ఎస్సీ. ఫిజిక్సు, ఫస్టు క్లాసు. కిటికీ ఒకటి తెరిచి ఎదుటి గోడమీద బొమ్మ పట్టాను. కిటికీ చువ్వలూ, బయట వేపచెట్టూ తలకిందులుగా పడ్డాయి. సగం కటకం మూశాను. చువ్వలు అన్నీ ఉన్నాయి, వేపచెట్టూ ఉంది. వెలుగు తగ్గిందంతే. వస్తువులోని ప్రతి బిందువు నుంచీ వచ్చే కాంతి కటకం మొత్తంమీదా పడుతుంది. సగం మూస్తే ప్రతి బిందువుకూ వెలుగు తగ్గుతుంది తప్ప ఏ బిందువూ తప్పిపోదు. ఎం.ఎస్సీ. కుర్రాడు కాగితం తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. అటూ ఇటూ జరిపాడు. పావుగంట వదల్లేదు. "కిరణ చిత్రంలో రెండు గీతలే గీస్తాం కదా సార్, ఆ రెండే వెళ్తాయనుకున్నా" అన్నాడు.

మా పదో తరగతి పిల్లలు చేసే పొరపాటూ సరిగ్గా ఇదే, కారణం కూడా ఇదే. ఆ ఒక్క వాక్యం తెలిస్తే అతను మంచి మాస్టారవుతాడు. డిగ్రీలో ఆప్టిక్స్ ప్రాక్టికల్స్ చేయలేదా బాబూ అన్నాను. చేశాం సార్, రీడింగులు సీనియర్ల రికార్డులోంచి వేసేవాళ్లం అన్నాడు. దాచుకోనందుకు అతనంటే గౌరవం కలిగింది.

ఈ రోగానికి పైవాళ్లు కనిపెట్టిన మందు కాలం. 2014 నిబంధనలతో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) బి.ఇడి.ని ఒక ఏడాది నుంచి రెండేళ్లు చేసింది, ఇంటర్న్‌షిప్ కనీసం 20 వారాలంది. 2020 జాతీయ విద్యా విధానం వచ్చి, 2030 నాటికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సే కనీస అర్హత కావాలంది. అందులోనే, పీజీ చేసినవాళ్లకు ఏడాది చాలునని కూడా ఉంది. ఒకటి, రెండు, నాలుగు, మళ్లీ ఒకటి. ఈ శ్రేఢి సూత్రమేమిటో లెక్కల మాస్టారిని అడిగితే దణ్ణం పెట్టాడు. నాలుగేళ్ల కోర్సు ఇప్పుడే కనిపెట్టినట్టు ఊరేగింపు ఒకటి. మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వారి ప్రాంతీయ కళాశాల 1960ల్లోనే నాలుగేళ్ల బి.ఎస్సీ.ఇడి. మొదలుపెట్టింది, మన తెలుగు పిల్లలూ అక్కడ చదువుకున్నారు.

ఏళ్లు పెంచినా తగ్గించినా కళాశాల మొహమే చూడని వాళ్లకు ఒకటే. మా బంధువుల అమ్మాయికి సీటు కోసమని ఒక కళాశాలకు ఫోన్ చేశాను. అవతలి గొంతులో ఎంత మర్యాదో.

"రెగ్యులరా సార్, నాన్ అటెండింగా?"

"తేడా ఏంటండీ?"

"నాన్ అటెండింగ్‌కి కొంచెం ఎక్కువవుద్ది సార్."

"రానందుకు ఎక్కువెందుకండీ?"

"ఆవిడ బదులు హాజరు మేం వేయాలి కదా సార్. రికార్డులు కూడా మేమే రాయించేస్తాం."

కాదనలేని తర్కం. పనిచేసేవాళ్లకు కూలి ఇవ్వాలి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లోనే ఈ సంగతి చెప్పింది. పదివేలకు పైబడిన విడి శిక్షణ సంస్థల్లో అత్యధికం బోధన జోలికి పోకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయన్న ఆ మాటను 2020 విధాన పత్రమే ఎత్తి చూపింది. ఎత్తి చూపి, మర్యాదగా కింద పెట్టింది.

తర్వాత టెట్, తర్వాత డీఎస్సీ. అక్కడ బిట్లు. బోధనా పద్ధతి ఏదో నాలుగు గళ్లలోంచి ఎంచుకోవాలి, నోరు తెరిచి పాఠం చెప్పక్కర్లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడితే, సైన్సు మాస్టారు కావాలనుకున్న పిల్లలు ప్రయోగశాలలకు వెళ్లలేదు, కోచింగ్ కోసం అవనిగడ్డ వెళ్లారు. వాళ్లను అనడానికి ఏముంది, ఆకలి వేసినవాడు అన్నం దొరికేచోటికే పోతాడు.

అన్నిటికంటే నాకు ముచ్చటేసేది ఇంకోటుంది. పదో తరగతిలో కాంతి చెప్పాలంటే ఇంత శిక్షణ తప్పనిసరి. అదే పిల్లాడు వేసవి సెలవులు దాటి ఇంటర్లో చేరితే, అదే కాంతిని ఇంకా లోతుగా చెప్పే జూనియర్ లెక్చరరుకు పీజీ చాలు, బి.ఇడి. అక్కర్లేదు. రెండు నెలల ఎండల్లో పిల్లాడి మనస్తత్వ శాస్త్రం అంతా ఆవిరైపోతుంది కాబోలు.

కుదరదని కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలైన సైన్సు కార్యక్రమంలో శిక్షణ అంటే మాస్టార్లు నేలమీద కూర్చుని, పిల్లలు చేయాల్సిన ప్రయోగాలన్నీ ముందు తామే చేసి, తామే తప్పులు చేసి, విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలతో వాదించడం. వందల బడులకు పాకింది. బాగా నడుస్తోంది కాబట్టి 2002లో ప్రభుత్వం మూసేసింది.

ఇంటర్న్‌షిప్ ఆఖరి రోజున ఐదుగురూ స్వీట్లు పంచారు. నాకో పెన్ను ఇచ్చారు. స్టాఫ్ రూమ్‌లో వాళ్ల సర్టిఫికెట్లు ముందేసుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. మూడో బెంచీ కుర్రాడు మధ్యాహ్న భోజనం వంటగదిలోంచి స్టీలు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"టీచర్, గరిటె లోపలివైపు చూస్తే తలకిందులుగా ఉన్నా. వెనక్కి తిప్పితే మామూలుగానే ఉన్నా, బండి అద్దంలోలాగా చిన్నగా. ఎందుకు టీచర్?"

ఆ అమ్మాయి గరిటె తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మొహం వెలిగింది, ఏదో చెప్పబోయింది. అంతలో బయట ఆటో హారన్ కొట్టింది. "నా లెసన్స్ అయిపోయాయి నాన్నా, మీ సార్‌ని అడుగు" అంది.

వాడు నావైపు తిరిగాడు. నాముందు ఐదు సర్టిఫికెట్లు, గంట కొట్టడానికి మూడు నిమిషాలు.

"రేపు చెబుతాలే, ముందు ఆ గరిటె వంటావిడకి ఇచ్చిరా, సాంబారు వడ్డించాలి" అన్నాను.

'శిక్షణ సంతృప్తికరంగా పూర్తిచేసినారు.' ఐదింటి మీదా సంతకం పెట్టాను. కొత్త పెన్ను బాగా రాసింది.