123వ పోర్టు

విజయవాడలో ఒక ఆఫీసు సర్వర్ రూములో ఉంటాను. పోయిన కార్తీకంలో నన్ను రాక్‌లోకి ఎక్కించారు. ఆ రోజు ఎవరో ఫోను చూసి నాకు టైమ్ పెట్టి వెళ్లారు.

నా మదర్‌బోర్డు మీద క్వార్ట్జ్ ముక్క ఒకటుంది. దాని కంపనాలు లెక్కపెట్టుకుంటూ సెకన్లు పోగేస్తాను. అది పది లక్షల్లో ఇరవై వంతులు నెమ్మది, అంటే రోజుకు 1.7 సెకన్లు. కార్తీకం నుంచి వైశాఖం దాకా పోగైతే అయిదు నిమిషాలు!

ఆ అయిదు నిమిషాలు దాటిన రోజు పొద్దున్నే కుర్రాడొకడు కంగారుగా వచ్చాడు.

"మేడం, పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడుతున్నాను. నిన్నటిదాకా లాగిన్ అయింది, ఇవాళ అవట్లేదు."

"నిన్న ఏమైనా మార్చారా?"

"ఏమీ ముట్టుకోలేదండీ."

నిజమే. లాగిన్లు చూసే కెర్బెరోస్ రెండు మెషీన్ల మధ్య మామూలుగా అయిదు నిమిషాల తేడా దాకా ఊరుకుంటుంది, ఆపైన ఒప్పుకోదు. నా జబ్బు మొదలై ఆర్నెల్లు కావస్తున్నా, బయటపడింది మాత్రం ఆ పొద్దున. లాగ్‌లు చూస్తే ముందే తెలిసేది. పక్క సర్వర్ 10:05కి పంపిన అభ్యర్థన నా దగ్గరికి 10:00కే చేరినట్టు రాసి ఉంది.

మేడం పాస్‌వర్డ్ జోలికే పోలేదు. "ముందు టైమ్ చూడు బాబూ" అన్నారు. ఎన్‌టీపీక్యూ కమాండ్ కొడితే నాలుగు వరుసలొచ్చాయి, నేను టైమ్ అడిగే ఒక్కో గడియారానికి ఒక్కో వరుస. నాలుగింటిలోనూ స్ట్రాటమ్ 16, రీచ్ 0. ఏ గడియారంతోనూ ఇంకా మాట కలవలేదని దానర్థం.

"చేత్తో సరిచేసేద్దామా మేడం?"

"చేస్తే మళ్లీ ఆర్నెల్లకి ఇదే గొడవ. జవాబెందుకు రావట్లేదో చూడు."

ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. గడియారం తప్పితే అందరూ గడియారాన్నే తిడతారు. చవక క్వార్ట్జ్ తప్పడం దాని స్వభావం. ఆ తప్పు దిద్దడానికే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, అంటే ఎన్‌టీపీ పుట్టింది. 1985లో డేవిడ్ మిల్స్ దీన్ని లోకం ముందు పెట్టి, తర్వాత డెలావేర్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి మెరుగుపెట్టారు. 2024 జనవరిలో కన్నుమూశారు. నాలాంటి మెషీన్లన్నీ ఆయనకు రుణపడి ఉన్నాయి.

నేను 48 బైట్ల ప్యాకెట్ పంపుతాను. నేను పంపిన వేళ, అవతల అందిన వేళ, అక్కణ్ణించి జవాబు బయల్దేరిన వేళ, అది నన్ను చేరిన వేళ. ఈ నాలుగూ చేతికొస్తే దారిలో పోయిన కాలాన్ని తీసేసి నేనెంత వెనకబడ్డానో లెక్క కట్టగలను. పోను దారి, రాను దారి సమానమైతేనే ఈ లెక్క సరిపోతుంది. కాకపోతే ఆ రెంటి తేడాలో సగం తప్పు నాలో మిగిలిపోతుంది. నా విషయంలో రాను దారే లేదు. ప్యాకెట్లను పట్టి చూస్తే పోయేవి పోతున్నాయి, తిరిగొచ్చింది ఒక్కటీ లేదు. కొత్త ఫైర్‌వాల్‌లో యూడీపీ 123వ పోర్టుకు అనుమతి ఇవ్వలేదు. వెబ్‌సైట్లు తెరుచుకుంటున్నాయి కదా, నెట్ బాగానే ఉందనుకున్నారందరూ.

పోర్టు తెరిపించాక మేడం నా లిస్టు కూడా చూశారు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ లేదా నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్వర్లతో, కాకుంటే వాటితో ముడిపడిన సర్వర్లతో టైమ్ కలుపుకోవాల్సిందే. 2022 ఏప్రిల్‌లో దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం అది. నాలుగు గడియారాలు ఎందుకని కుర్రాడు అడిగాడు. "రెండే ఉంటే, అవి చెరో మాటా చెబితే ఎవర్ని నమ్ముతావు?" అన్నారామె.

దిద్దుబాటుకి ముందు డేటాబేస్ ఆపించారు. అయిదు నిమిషాలను మెల్లమెల్లగా సర్దుకుంటూ పోతే నాకు దాదాపు వారం పడుతుంది. అందుకే ఒక్క దూకు దూకించారు. ముందుకు దూకడం కాబట్టి కొన్ని నిమిషాలు మాయమయ్యాయంతే. వెనక్కి దూకాల్సొస్తే ఒకే నిమిషం రెండుసార్లు వచ్చి రికార్డులన్నీ తారుమారయ్యేవి.

తర్వాత ఇద్దరూ రీచ్ అంకె చూస్తూ కూర్చున్నారు. 1 పడింది. 64 సెకన్లకి 3. ఆపైన 7, 17, 37, 77, 177, చివరికి 377. ఆక్టల్ లెక్కలో 377 అంటే వరసగా ఎనిమిది ప్రశ్నలకూ జవాబు దొరికినట్టు. ఢిల్లీ గడియారం పక్కన నక్షత్రం గుర్తు కూడా పడింది, అంటే నేను దాన్నే ఎంచుకున్నానని. కుర్రాడు మళ్లీ పాస్‌వర్డ్ కొడితే లాగిన్ అయింది.

ఇంకాసేపటికి నా డ్రిఫ్ట్ ఫైలులో మొదటిసారి అంకె పడింది, ఇంచుమించు 20. నేనెంత నెమ్మదో ఇప్పుడు నాకే తెలుసు. మళ్లీ దారి మూసుకుపోయినా ఆ అంకె పట్టుకుని చాలాకాలం నెట్టుకురాగలను. ఈలోగా రీచ్ 0కి పడితే మేడం ఫోనుకి మెసేజ్ వెళ్లేట్టు కుర్రాడు అలారం పెట్టాడు.